రిమోట్ పనిచేస్తోంది, బండి మాత్రం రెండు సెకన్లలో ఆగిపోతోంది: ఇమ్మొబిలైజర్ లోపల జరిగేదేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పదేళ్ల పాత పెట్రోలు కారు. కీ తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది, రెండు సెకన్లు తిరిగి ఠక్కున ఆగిపోతుంది. మీటర్లో తాళం గుర్తున్న లైటు టపటపా కొట్టుకుంటుంది. నాలుగైదు సార్లకు ఒకసారి ఏ పేచీ లేకుండా స్టార్టవుతుంది కూడా. కీ పైకవరు పగిలిపోతే ఈమధ్యే కొత్త కవరు వేయించారు. రిమోట్ నొక్కితే డోర్లు చక్కగా తెరుచుకుంటున్నాయి కాబట్టి కీలో లోపం లేదని మీ నమ్మకం. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాడు, ఫలితం లేదు. ఇప్పుడేమో ఇమ్మొబిలైజర్, అంటే సరైన కీ లేకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు, పీకించేద్దాం అంటున్నాడు. అసలది ఎలా పనిచేస్తుంది, తీసేస్తే ఏమవుతుంది అని అడిగారు.

ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. పంపు దోషం కాదు. కవరు మార్చినప్పుడు కీ లోపలి చిప్ దాని చోటు నుంచి జరిగి ఉంటుంది. రిమోట్ పనిచేస్తోందా లేదా అన్నదానికి, ఇంజిన్ స్టార్టవడానికి సంబంధం లేదు. ఒకే కవరులో కూర్చున్న రెండు వేర్వేరు వస్తువులవి. ఈ ఒక్క సంగతి తెలియక మార్చిన పంపులు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు చాలానే చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ కీ విప్పితే లోపల రెండు కనిపిస్తాయి. ఒకటి బటన్లు, బిళ్ల బ్యాటరీ ఉన్న పచ్చటి సర్క్యూట్ బోర్డు. అది రిమోట్. డోర్ లాకులు, అలారం దాని పని. రెండోది కవరు ప్లాస్టిక్‌లో ఒక మూలన గుంటలో ఇరుక్కుని ఉండే చిన్న నల్లటి ముక్క. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది, నున్నగా ఉంటుంది. కొన్ని కంపెనీల కీలలో నలుపు బదులు గాజు గొట్టంలా ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టలు, వాటి చివర మెరిసే చుక్కంత చిప్ కనిపిస్తాయి. దీనికి బ్యాటరీ లేదు, బటన్ లేదు, బోర్డుకి వైరు కూడా లేదు. దీన్నే ట్రాన్స్‌పాండర్ అంటారు. ఇంజిన్‌కి కావలసింది ఇదే. కొన్ని కీలలో ఈ చిప్‌ని రిమోట్ బోర్డు మీదే అతికించేస్తారు. అప్పుడు కూడా దాని పని దానిదే. రిమోట్ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా బండి స్టార్టవుతుంది.

బ్యాటరీ లేని చిప్ ఎలా మాట్లాడుతుంది? మీరు కీ పెట్టే రంధ్రం చుట్టూ, ప్లాస్టిక్ మూత కింద ఒక రింగు ఉంటుంది. అది రాగి తీగ చుట్ట, యాంటెన్నా కాయిల్. ఇగ్నిషన్ కాయిల్ వేరు, ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో విడిభాగాల దగ్గర ఒకటి అడిగితే ఇంకోటి చేతిలో పెడుతుంటారు, చూసుకోండి. కీ ఆన్ చేయగానే ఆ రింగులో సెకనుకు సుమారు 1,25,000 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు పారుతుంది, అంటే 125 కిలోహెర్ట్జ్. కొన్ని రకాల్లో 134.2 కిలోహెర్ట్జ్. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో ఉన్న చిప్ తీగ చుట్టలో కొద్దిగా వోల్టేజీ పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే. ఆ కాస్త కరెంటుతోనే చిప్ మేలుకుంటుంది, లెక్క చేస్తుంది, జవాబిస్తుంది.

జవాబిచ్చే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. ఎక్కువ రకాల్లో చిప్ విడిగా ఏదీ ప్రసారం చేయదు. తన తీగ చుట్ట మీద లోడుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తేడా రింగు కాయిల్‌లో వోల్టేజీ హెచ్చుతగ్గులుగా కనిపిస్తుంది. బండి వాటిని సున్నాలు, ఒకట్లుగా చదువుకుంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీ చిప్‌ల పద్ధతి వేరు. వాటిలో బండి దాదాపు 50 మిల్లీసెకన్ల పాటు క్షేత్రాన్ని ఆన్ చేసి ఉంచుతుంది, ఆలోగా చిప్‌లోని చిన్న కెపాసిటర్ నిండుతుంది. తర్వాత బండి నోరు మూసుకుంటే, నిండిన కరెంటుతో చిప్ తానే మాట్లాడుతుంది.

ఇక్కడ దూరం చాలా ముఖ్యం. ఇలాంటి అయస్కాంత క్షేత్రం కాస్త దూరం దాటాక విపరీతంగా పడిపోతుంది. దూరం రెట్టింపయితే బలం ఎనిమిదో వంతుకు దిగుతుంది. అందుకే చిప్ రింగుకి కొన్ని సెంటీమీటర్ల లోపలే ఉండాలి. కంపెనీ కవరులో ఆ గుంటని కీ మెడ దగ్గర, అంటే రింగుకి వీలైనంత దగ్గరగా పెట్టేది అందుకే. చవకరకం కవర్లలో ఆ గుంట ఒక్కోసారి వెనక్కి ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. కవరు మార్చే మనిషి చిప్‌ని బోర్డు పక్కన ఖాళీలో వేసి మూసేస్తాడు. అది లోపల అటూ ఇటూ దొర్లుతుంది. కీ ఏ వాలులో ఉంటే ఆ వాలుకి చిప్ జారుతుంది. రింగు వైపు జారినప్పుడు బండి స్టార్టవుతుంది, వెనక్కి జారినప్పుడు కాదు. మీ నాలుగైదు సార్లకు ఒకసారి లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. పాత కవరులోనే చిప్ వదిలేసి ఉంటే ఒక్కసారి కూడా స్టార్టయ్యేది కాదు. చాలామంది విషయంలో జరిగేది అదే. పాత కవరు చెత్తబుట్టలో, దాంట్లో చిప్.

ఇప్పుడు ఆ చిప్, బండి ఏం మాట్లాడుకుంటాయో చూద్దాం.

మొదటి తరం ఎలక్ట్రానిక్ కీలలో మాటలేమీ లేవు. 1986లో జనరల్ మోటార్స్ తన షెవర్లే కార్వెట్‌లో కీ లోహపు ఆకు మీదే ఒక రెసిస్టర్ బిళ్ల పొదిగింది. కీ పెట్టగానే బండి ఆ రెసిస్టర్ విలువ కొలిచి, సరిపోతేనే స్టార్టర్‌నీ, పెట్రోలునీ వదిలేది. తప్పయితే కొన్ని నిమిషాలపాటు మొండికేసేది. ఐడియా బాగుంది, కానీ ఉన్నవి మొత్తం 15 విలువలే. ఓపిక ఉన్న దొంగకి అదొక అడ్డు కాదు. తర్వాత వచ్చిన చిప్‌లు స్థిరమైన నంబరు చెప్పేవి. బండి అడగ్గానే చిప్ "నా నంబరు ఇదీ" అనేది. ఎప్పుడడిగినా అదే నంబరు. ఒకసారి విన్నవాడు అదే నంబరు ఇంకో చిప్‌లో రాసుకుంటే సరి.

ఆ తర్వాత వచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. రహస్యాన్ని పైకి చెప్పకుండా, అది తనకు తెలుసని మాత్రం రుజువు చేయడం. కీ చిప్‌లోనూ, బండిలోనూ ఒకే రహస్య సంఖ్య దాచి ఉంటుంది. బండి ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యని యాదృచ్ఛికంగా ఎంచి చిప్‌కి పంపుతుంది. చిప్ ఆ సంఖ్యని, తన రహస్యాన్ని కలిపి ఒక లెక్క చేసి ఫలితాన్ని పంపుతుంది. బండి కూడా అదే లెక్క తన దగ్గర చేసుకుని రెండూ పోల్చి చూస్తుంది.

చిన్న అంకెలతో చెప్తాను. రహస్యం 47 అనుకోండి. నియమం: వచ్చిన సంఖ్యని 47తో గుణించి, చివరి రెండంకెలు మాత్రం చెప్పాలి. బండి 318 పంపింది. 318 ఇంటూ 47 అంటే 14,946. చిప్ 46 అంటుంది. రేపు బండి 905 పంపుతుంది. లబ్ధం 42,535, చిప్ 35 అంటుంది. మధ్యలో ఎవడైనా విని 46 అన్న జవాబు దాచుకున్నా రేపు పనికిరాదు, ఎందుకంటే రేపటి ప్రశ్న వేరు. 47 అన్న సంఖ్య ఒక్కసారి కూడా గాల్లోకి రాలేదు.

కానీ లెక్కలు వచ్చినవాళ్లు ఇప్పటికే పట్టేసి ఉంటారు. ఈ రెండు జతలూ, అంటే 318కి 46, 905కి 35, తెలిస్తే చాలు, కాగితం మీదే వెనక్కి వెళ్లి 47 అని తేల్చేయొచ్చు. లెక్క ఇంత తేలిగ్గా ఉంటే రహస్యం నిలవదు. అసలు చిప్‌లలో లెక్క ఇంతకంటే బోలెడంత గజిబిజిగా ఉంటుంది, రహస్య సంఖ్య కూడా చాలా పెద్దది. టెక్సాస్ చిప్‌లలో ఒక తరానిది 40 బిట్ల రహస్యం, అంటే 40 సున్నాలు, ఒకట్ల వరస. అంటే 1.1 లక్షల కోట్ల వరకు సంఖ్యల్లో ఏదో ఒకటి. బండి 40 బిట్ల ప్రశ్న వేస్తే చిప్ 24 బిట్ల జవాబిస్తుంది. ఫిలిప్స్ వాళ్ల హైట్యాగ్2 చిప్‌లో 48 బిట్లు. మెగమోస్ క్రిప్టో అనే ఇంకో రకం చిప్‌లో 96. కొత్త బండ్లలో బ్యాంకుల లావాదేవీలకు వాడే ఏఈఎస్ పద్ధతినే 128 బిట్లతో వాడుతున్నారు.

హైట్యాగ్2 వంటి వాటిలో ఇంకో జాగ్రత్త ఉంది. చిప్ కూడా బండిని నమ్మదు. ప్రశ్నతోపాటు బండి తనకూ రహస్యం తెలుసని రుజువు పంపాలి. అది సరిపోతేనే చిప్ నోరు విప్పుతుంది. ఈ వ్యవహారమంతా కీ ఆన్ పొజిషన్‌కి తిప్పడానికీ, స్టార్టర్ తిరగడానికీ మధ్య సెకనులో కొంత భాగంలో ముగిసిపోతుంది.

చిప్ జవాబు సరిపోగానే ఇంజిన్ స్టార్టవుతుందని అనుకోకండి. చిప్‌తో మాట్లాడేది ఒక యూనిట్. కొన్ని బండ్లలో అది విడిగా ఇమ్మొబిలైజర్ బాక్సు, కొన్నిటిలో బీసీఎం అనే బాడీ కంట్రోల్ మాడ్యూల్, కొన్నిటిలో మీటర్ క్లస్టరే. ఇంజిన్‌ని నడిపేది మాత్రం ఇంజిన్ ఈసీయూ అనే కంప్యూటర్. "కీ సరైనదే, కానివ్వు" అని మొదటి యూనిట్ రెండోదానికి చెప్పాలి. ఆ మాట మామూలు ఆన్, ఆఫ్ వైరు మీద వెళ్తే దొంగ ఆ వైరుకి కరెంటు ఇచ్చి పని కానిచ్చేస్తాడు. అందుకే ఆ రెండు యూనిట్లు కూడా తమలో తాము ఒక రహస్యం పంచుకుని, బండిలోని యూనిట్లను కలిపే క్యాన్ అనే డేటా లైను మీద కోడ్ రూపంలో మాట్లాడుకుంటాయి. ఇంకో బండి ఈసీయూ తెచ్చి బిగిస్తే స్టార్టవ్వకపోవడానికి కారణం ఇదే. ఈసీయూ మంచిదే, కానీ అది ఈ ఇంటి మాట వినదు. రెంటినీ స్కానర్‌తో జత కట్టాలి.

అసలు తాళం ఎక్కడుందో ఇప్పుడు చూడండి. కీ తిప్పే చోట లేదు, స్టీరింగ్ కింద వైర్లలో లేదు. ఈసీయూ ప్రోగ్రాములో ఉంది. అనుమతి రాకపోతే ఈసీయూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరవదు, లేదా స్పార్కు ఇవ్వదు, లేదా రెండూ. పాత డీజిల్ బండ్లలో పంపు మీద డీజిల్‌ని ఆపే ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్‌ని తెరవనివ్వదు. కొన్ని బండ్లలో స్టార్టర్ రిలేని కూడా ఆపుతుంది. సినిమాల్లో హీరో స్టీరింగ్ కింద నుంచి రెండు వైర్లు లాగి, తాకించి, బండి లేపుకుపోతాడు కదా, ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో అలా చేస్తే స్టార్టర్ తిరగొచ్చేమో గానీ ఇంజిన్ మాత్రం లేవదు, లేచినా నిలవదు. మనిషి ఆజ్ఞాపించినది వైరుకి, అనుమతి ఇవ్వాల్సింది ప్రోగ్రాము.

మీ రెండు సెకన్ల సంగతికి వద్దాం. కొన్ని డిజైన్లలో ఈసీయూ అనుమతి వచ్చేదాకా ఆగదు. ముందు ఇంజిన్‌ని లేవనిస్తుంది, ఈలోగా కీ మీద ఆరా తీస్తుంది. రాలేదా, ఇంజెక్టర్లు మూసేస్తుంది. డ్రైవరుకి స్టార్టింగ్ ఆలస్యం అనిపించకూడదని అలా పెట్టారు. అందుకే ఈ లోపం పెట్రోలు అందక ఆగినట్టే అనిపిస్తుంది, మీ మెకానిక్ చూపు పంపు మీదికి పోయింది. రెండిటినీ విడదీసే తేడా ఒకటుంది. పెట్రోలు అందక ఆగే ఇంజిన్ కాస్త తడబడుతుంది, దగ్గుతుంది, యాక్సిలరేటర్ నొక్కితే ఏదో ఒక తేడా చూపిస్తుంది. ఇమ్మొబిలైజర్ ఆపితే స్విచ్ ఆపినట్టు ఆగుతుంది, ప్రతిసారీ దాదాపు అంతే సమయానికి. దానికి తోడు తాళం లైటు కొట్టుకుంటుంటే ఇక పంపు జోలికి వెళ్లే పనే లేదు.

ఆ లైటు భాష కూడా చెప్తాను. చాలా బండ్లలో కీ ఆన్ చేయగానే అది రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అంటే కీని గుర్తుపట్టింది. ఆరకుండా వెలుగుతూ ఉన్నా, వేగంగా కొట్టుకున్నా గుర్తుపట్టలేదు, లేదా వ్యవస్థలో లోపం ఉంది. బండి ఆపి లాక్ చేశాక రాత్రంతా నెమ్మదిగా మిణుకుమంటుంటే అది లోపం కాదు, కాపలా ఉన్నానని చెప్పడం. దానికి టెన్షన్ పడి బ్యాటరీ వైరు పీకేవాళ్లున్నారు, అనవసరం. కంపెనీని బట్టి కాస్త తేడాలుంటాయి, మీ బండి మాన్యువల్‌లో ఆ లైటు పేజీ ఒకసారి చదవండి.

ఇక రిమోట్ ఎందుకు సాక్ష్యం కాదో కూడా చెప్పాలి. రిమోట్ 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, అమెరికా, జపాన్ బండ్లలో 315. సొంత బ్యాటరీతో, పదుల మీటర్ల దూరం నుంచి. అది రోలింగ్ కోడ్ పద్ధతి. నొక్కిన ప్రతిసారీ ఒక లెక్కింపు ముందుకు జరుగుతుంది, పాత కోడ్ మళ్లీ చెల్లదు. రిసీవరు వేరు, రహస్యం వేరు, పని వేరు. రిమోట్ చచ్చిపోయి చిప్ బతికి ఉంటే డోరు కీతో తీసుకుని హాయిగా బండి నడుపుకోవచ్చు. చిప్ పోయి రిమోట్ బతికి ఉంటే మీలాగా డోర్లు తీసుకుంటూ మూసుకుంటూ కూర్చోవాలి.

బటన్ స్టార్ట్ బండ్లు ఉన్నవాళ్లు కూడా దీన్ని చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ కీ జేబులోనే ఉంటుంది. బండిలోని యాంటెన్నాలు తక్కువ ఫ్రీక్వెన్సీలో "ఎవరైనా ఉన్నారా" అని పిలుస్తాయి. కీ తన బ్యాటరీతో ఎక్కువ ఫ్రీక్వెన్సీలో బదులిస్తుంది. లెక్క మాత్రం అదే, ప్రశ్న, జవాబు. కీ బ్యాటరీ అయిపోతే కంగారు పడకండి. కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి, లేదా మాన్యువల్ చెప్పిన గుంటలో పెట్టి నొక్కితే బండి లేస్తుంది. ఆ కీలో కూడా బ్యాటరీ అక్కర్లేని చిప్ ఒకటి ఉంటుంది, ఆపద కోసం.

ఇంత జాగ్రత్త ఉన్నా బండ్లు పోతున్నాయి కదా అంటారు. పోతున్నాయి. 2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్ఎస్ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు ఆ 40 బిట్ల చిప్‌ని విప్పి చూపించారు. నేను పైన 47 రాబట్టినట్టే వాళ్లకీ రెండు ప్రశ్న, జవాబుల జతలు చాలాయి. మిగతాది 16 చిప్‌ల యంత్రంతో ఒక్కొక్క సంఖ్యా వేసి చూడటం. గంటలోపే రహస్యం దొరికింది. 2012లో హైట్యాగ్2 వంతు, అక్కడ నిమిషాల్లోనే పని అయింది. మెగమోస్ క్రిప్టో మీద పరిశోధన 2013లో బయటికి రాకుండా ఫోక్స్‌వాగన్ బ్రిటన్ కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకుంది. చివరికి 2015లో అచ్చయింది. నన్నడిగితే ఆ రెండేళ్ల దాపరికం వల్ల బండి యజమానులకు ఒరిగింది ఏమీ లేదు. లెక్కని దాచిపెట్టి కాపాడుకోవాలనుకునే ప్రతి చిప్ గతీ చివరికి ఇంతే అవుతోంది. అందరికీ తెలిసిన లెక్కనే వాడి, సంఖ్యని మాత్రం రహస్యంగా ఉంచే ఏఈఎస్ దారే సరైనది.

బటన్ స్టార్ట్ బండ్ల దొంగలకైతే లెక్క విప్పే శ్రమ కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కీకి, బయట ఉన్న బండికి మధ్య రేడియో సంకేతాన్ని మోసే పెట్టెలు పెట్టి, కీ పక్కనే ఉందని బండిని నమ్మిస్తారు. కీ నిజమైనదే, జవాబూ నిజమైనదే, దూరం మాత్రమే అబద్ధం. జూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లో ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద ఇది ప్రయత్నిస్తే పదీ లొంగిపోయాయి. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచి దూరం తేల్చే అల్ట్రా వైడ్‌బ్యాండ్ కీలు వచ్చాక ఇది కష్టమవుతోంది. పాత బటన్ స్టార్ట్ బండి ఉంటే రాత్రిళ్లు కీని వీధి తలుపు దగ్గర కాకుండా లోపల లోహపు డబ్బాలో పెట్టుకోండి. మీది తిప్పే కీ కాబట్టి మీకు ఈ బెంగ లేదు. చిప్ అంత దూరం మాట్లాడలేదు.

అయితే ఇమ్మొబిలైజర్ దండగన్నమాట, మెకానిక్ అన్నట్టు పీకించేద్దాం అనుకుంటున్నారేమో. అది లేకపోతే ఏమవుతుందో చూడటానికి అమెరికా ఉదాహరణ ఉంది. ఐరోపా యూనియన్ 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే చేశాయి. అమెరికా చేయలేదు. దాంతో అక్కడ కియా, హ్యుందాయ్ తిప్పే కీ ఉన్న చవక మోడళ్లలో ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని పెట్టలేదు. 2015 మోడళ్లలో మిగతా కంపెనీలన్నీ కలిపి 96 శాతం బండ్లకు ఇమ్మొబిలైజర్ ఉంటే, ఈ రెండిటివీ 26 శాతమే. ఈ సంగతి సోషల్ మీడియా వీడియోల్లో పాకాక, 2022 నాటికి కుర్రాళ్లు సరదాకి దొంగతనాలు మొదలుపెట్టారు. అదే కంపెనీల బండ్లు కెనడాలో ఇమ్మొబిలైజర్‌తో వస్తాయి కాబట్టి అక్కడ ఆ ఆట సాగలేదు. పరిశోధకులు ఛేదించిన తాళానికీ, తాళమే లేకపోవడానికీ ఉన్న తేడా ఇది. మొదటిదానికి పరికరాలు, తెలివి కావాలి. రెండోదానికి స్క్రూడ్రైవర్ చాలు.

పీకించడం గురించి ఇంకో మాట. విప్పి పారేసే పెట్టె కాదది. ఈసీయూ లోపలి ప్రోగ్రామునే మార్చాలి. సరిగ్గా చేయకపోతే ఈసీయూ మొత్తానికి పనికిరాకుండా పోతుంది. కొన్ని దేశాల్లో నిబంధనలకు విరుద్ధం, బండి పోయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మెలిక పెట్టడానికి ఒక సాకు కూడా. అన్నిటికంటే ముందు, మీరు చెప్పినదాన్ని బట్టి మీ బండిలో ఇమ్మొబిలైజర్‌కి లోపం ఉన్నట్టు లేదు. గుర్తుతెలియని కీ వస్తే ఇంజిన్ ఆపమన్నారు, ఆపుతోంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఈ వరసలో చేయండి. ఇంట్లో రెండో కీ ఉందా? ఉంటే దాంతో ఒక రోజు బండి వాడండి. ప్రతిసారీ స్టార్టయితే లోపం మొదటి కీలోనే, ఇంక వెతకక్కర్లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు రెండు కీలూ ఒకే గుత్తిలో ఉంచకండి. రెండు చిప్‌లు ఒకేసారి క్షేత్రంలోకి వస్తే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, బండికి ఏదీ అర్థం కాదు. వేరే బండి చిప్ కీ పక్కన వేలాడుతున్నా అంతే. దళసరి లోహపు కీచెయిన్ కూడా క్షేత్రాన్ని దెబ్బతీస్తుంది.

తర్వాత మొదటి కీ కవరు విప్పండి. తెల్లటి గుడ్డ పరిచి దాని మీద విప్పండి, చిప్ నేల మీద పడితే దొరకదు. చిప్ గుంటలో గట్టిగా కూర్చుని ఉందా, లేక లోపల దొర్లుతోందా చూడండి. దొర్లుతుంటే కీ మెడ దగ్గరికి చేర్చి చుక్క జిగురుతో కదలకుండా పెట్టండి. గాజు రకమైతే నొక్కకండి, పగులుతుంది. బీటలు వారి ఉంటే అది ఇక పనికిరాదు. అసలు చిప్పే కనిపించకపోతే కవరు మార్చినతన్ని పాత కవరు అడగండి.

రెండో కీతో కూడా ఇలాగే ఆగిపోతుంటే లోపం కీలో కాదు, బండి వైపు. అప్పుడు మొదట 12 వోల్టుల బ్యాటరీ చూపించండి. స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనమైనట్టు. మరీ పడిపోతే యూనిట్లు మాట మధ్యలోనే రీసెట్ కావచ్చు, తాళం లైటు రావచ్చు. బ్యాటరీ బాగుంటే రింగు కాయిల్ ప్లగ్గు. స్టీరింగ్ కింద ఈమధ్య ఏదైనా పని చేయించి ఉంటే అది వదులయ్యే అవకాశం ఎక్కువ. అక్కడికీ తేలకపోతే స్కానర్ పెట్టించండి. కోడ్ పి0513 వస్తే కీ సరిపోలేదని, పి0633 వస్తే ఈసీయూలో కీ నమోదు కాలేదని, యు0167 వస్తే ఇమ్మొబిలైజర్ యూనిట్‌తో సంబంధం తెగిందని. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చవక స్కానర్లు ఇమ్మొబిలైజర్ యూనిట్‌లోకి వెళ్లలేవు. "ఏ కోడూ లేదు" అని ఎవరైనా అంటే ఏ స్కానర్‌తో చూశారో అడగండి.

చిప్ పోయిందని తేలితే కొత్తది కొని ప్రోగ్రామ్ చేయించాలి. కీ ఆకు కోయించినంత మాత్రాన సరిపోదు, అది డోరు తీస్తుంది, స్టీరింగ్ లాకు తీస్తుంది, అంతే. పనిచేసే కీ ఒకటైనా ఉండగా ఈ పని తేలిక. ఉన్న కీలన్నీ పోతే రహస్యాన్ని మళ్లీ బండికి నేర్పించాలి. దానికి కంపెనీ పిన్ కోడ్, యజమాని కాగితాలు కావాలి, కొన్ని మోడళ్లలో యూనిట్ బయటికి తీయాల్సి వస్తుంది, ఖర్చు చాలా పెరుగుతుంది. ప్రోగ్రామింగ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న కీలన్నీ పట్టుకెళ్లండి. చాలా బండ్లలో కొత్త కీ చేర్చేటప్పుడు పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. ఆ సమయంలో అక్కడ లేని కీ మర్నాటి నుంచి బండికి పరాయిదే.

కవరు విప్పాక చిప్ ఎక్కడుందో, రెండో కీతో ఏమైందో ఇక్కడే రాయండి. బండి మోడల్, సంవత్సరం కూడా చెప్తే యూనిట్ ఎక్కడుంటుందో చెప్తాను. అంతవరకు ఫ్యూయల్ పంపు పాతది పారేయకండి, అది బాగానే ఉండి ఉంటుంది.